ఐదో దిక్కు

1919. అప్పటి జర్మనీ తూర్పు కొసన ఉన్న కోనిగ్స్‌బర్గ్. లెక్కల కాగితాల ముందు థియోడర్ కలూజా. పక్కనే చిన్న కొడుకు.

ఉన్నట్టుండి తండ్రి చెయ్యి ఆగింది. కొన్ని క్షణాలు కదలిక లేదు. తర్వాత గట్టిగా ఈల వేసి, బల్ల చరిచి, లేచి నిలబడ్డాడు. మోజార్ట్ ‘ఫిగారో’లోని పాట చివరి భాగం కూనిరాగం తీశాడు. ఆ కొడుకు పెద్దయ్యాక చెప్పుకున్న జ్ఞాపకమిది.

కలూజాకు అప్పుడు 33 ఏళ్లు. విశ్వవిద్యాలయంలో జీతం లేని అధ్యాపకుడు. విద్యార్థులు కట్టే ఫీజులే రాబడి.

ఆ కాగితాల మీద ఏం కనిపించింది? గురుత్వాకర్షణ అంటే స్థలకాలాల వంపు అని ఐన్‌స్టీన్ అప్పటికే తేల్చాడు. స్థలానికి మూడు దిశలు, కాలానిది నాలుగోది. ఆ వంపును చెప్పడానికి ప్రతి బిందువు దగ్గరా 10 సంఖ్యలు కావాలి. కలూజా మరొక్క దిశ కలిపి అవే సమీకరణాలు రాశాడు. 10 కాస్తా 15 అయ్యాయి. పాత పదింటిలో గురుత్వాకర్షణ చెక్కుచెదరలేదు. కొత్త ఐదింటిలో నాలుగు విద్యుదయస్కాంతానివి! దాని నియమాలైన మాక్స్‌వెల్ సమీకరణాలు వాటంతట అవే బయటపడ్డాయి. మనం విద్యుదావేశం అంటున్నది, కంటికి కనపడని ఆ ఐదో దిశలో కణానికి ఉన్న గమనమేనట. భౌతికశాస్త్రంలో ఇంతకంటే అందమైన ఊహలు నాకు తెలిసి కొద్దిగానే ఉన్నాయి.

కలూజా ఐన్‌స్టీన్‌కు రాశాడు. ఏప్రిల్ 21న జవాబొచ్చింది: ఈ ఆలోచన తనకెన్నడూ తట్టలేదు, ఎంతో నచ్చింది. కానీ కొద్దివారాల్లోనే సందేహాలు మొదలయ్యాయి. ఎలక్ట్రాన్ బరువు బహు తక్కువ, దాని ఆవేశం ఎక్కువ. దానికి ఈ లెక్క వర్తింపజేస్తే, మిగిలిపోయిన ఆ పదిహేనో సంఖ్య ప్రభావం వాస్తవంతో పొంతన లేనంత పెద్దదవుతుంది. కలూజా దగ్గర సమాధానం లేదు. వ్యాసం ఆగిపోయింది.

ఐన్‌స్టీన్ అభ్యంతరం సరైనదే. దానికోసం అచ్చు ఆపడం మాత్రం సరికాదంటాను. లోపమున్న ఆలోచన కూడా పదిమంది చేతుల్లో పడాలి.

1921 అక్టోబరు 14న ఐన్‌స్టీనే మళ్లీ రాశాడు: రెండేళ్ల కిందట మిమ్మల్ని ఆపడం గురించి పునరాలోచిస్తున్నానని. డిసెంబరు 8న ఆయనే వ్యాసాన్ని ప్రష్యన్ అకాడమీ ముందుంచాడు. ఎలక్ట్రాన్ చిక్కును కలూజా అందులో దాచలేదు. అయినా ఇంతటి పొందిక ఉత్త యాదృచ్ఛికమని నమ్మలేనన్నాడు. పుస్తకం చదివి ఈత నేర్చి, మొదటిసారి నీళ్లలో దిగగానే ఈదిన మనిషి అంటారు కలూజాని. ఆ నమ్మకం అలాంటిది.

మరి ఐదో దిశ కనపడదేం? 1926లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆస్కార్ క్లైన్ జవాబిచ్చాడు. అది చిన్న వలయంగా చుట్టుకుపోయి ఉంది. ఎంత చిన్నదంటే, సెంటీమీటరును పదిలక్షలతో వరసగా ఐదుసార్లు భాగించాలి. ఆ వలయంలో కణతరంగం పూర్ణసంఖ్యల్లోనే ఇముడుతుంది. అందుకే విద్యుదావేశం ఎప్పుడూ ఒకే కొలతకు గుణిజాల్లో దొరుకుతుంది.

కలూజాకు ప్రొఫెసర్ పదవి 1929లో, కీల్ నగరంలో వచ్చింది. అందుకు ఐన్‌స్టీన్ మాటసాయం చేశాడు. అదనపు దిశ ఆలోచన ఆయనతో ఆగలేదు: అన్ని బలాలనూ ఒక్కటిగా చూడాలనుకునే స్ట్రింగ్ సిద్ధాంతం నేడు పది దిశలు అడుగుతోంది. వలయం క్లైన్ లెక్క కంటే పెద్దదైతే, తెలిసిన కణాలకే బరువైన ప్రతిరూపాలు కనిపించాలి. జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో ప్రోటాన్లను ఢీకొట్టించి వాటికోసం వెతికారు. ఇంతవరకు ఒక్కటీ దొరకలేదు.