సింగరేణి బొగ్గు చరిత్ర: ఉత్పత్తి, ఉపాధి, వాతావరణ న్యాయం

వాతావరణ పరిరక్షణకూ ఆర్థికాభివృద్ధికీ మధ్య సమతౌల్యం వర్ధమాన దేశాలకు అర్ధశతాబ్దపు సమస్య. 1972 స్టాక్‌హోమ్ సదస్సులో ఇందిరా గాంధీ కాలుష్యాన్ని పేదరికంతో కలిపి చూడాలని కోరారు. 1992 రియో సదస్సు ఉమ్మడివే అయినా వ్యత్యాసాలు గల బాధ్యతల సూత్రాన్ని గుర్తించింది. 2021 గ్లాస్గో ఒప్పందంలో బొగ్గు విద్యుత్తును ‘నిలిపివేయడం’ అన్న మాట భారత్ పట్టుదలతో ‘తగ్గించడం’గా మారింది. చారిత్రక ఉద్గారాల్లో సంపన్న దేశాల వాటాను బట్టి ఈ వాదం న్యాయమైనదే. అయితే బొగ్గు తగ్గితే ఉపాధి పోతుందన్న అనుబంధ వాదాన్ని మాత్రం గనుల చరిత్రతో సరిచూడాలి. అందుకు సింగరేణి తగిన ఉదాహరణ.

1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. దశాబ్దాల పాటు భూగర్భ గనులే దానికి ఆధారం. 1970ల నుంచి ఉపరితల గనులు, భారీ యంత్రాలు ప్రవేశించాయి. 1990-91లో కార్మికుల సంఖ్య లక్ష దాటినప్పుడు ఉత్పత్తి 2 కోట్ల టన్నుల లోపే. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులకు చేరేసరికి శాశ్వత ఉద్యోగులు సుమారు 40 వేలకు తగ్గారు. ఉపరితల గనుల్లో మట్టి తొలగింపు వంటి పనులు కాంట్రాక్టు కార్మికుల పాలయ్యాయి. అంటే బొగ్గు పెరుగుతున్న కాలంలోనే శాశ్వత ఉపాధి క్షీణించింది. దీనికి కారణం వాతావరణ విధానం కాదు, ఉత్పత్తి పద్ధతిలో వచ్చిన మార్పు.

తెలుగు వ్యవహారంలో బొగ్గు ‘నల్ల బంగారం’, దాన్ని తవ్వేవారు ‘నల్ల సూరీళ్లు’. మొదటిది సంపదకు పేరు, రెండవది శ్రమకు పేరు. జంటగా వినిపించే ఈ రెండు మాటల వెనుక ఉన్న వాస్తవాలు మూడు దశాబ్దాలలో విడిపోయాయి.

సింగరేణి ఇప్పుడు సౌరవిద్యుత్ కేంద్రాలను కూడా నిర్వహిస్తోంది. నిర్మాణం పూర్తయిన సౌరకేంద్రానికి కావలసిన సిబ్బంది స్వల్పం. కనుక ఇంధనం మారినంత మాత్రాన ఉపాధి దానంతటదే సమకూరదు. బొగ్గును కొనసాగించినా అది నిలవలేదని పై అంకెలే చెబుతున్నాయి. గని మూతపడే ప్రాంతంలో ప్రత్యామ్నాయ జీవనోపాధి, కాంట్రాక్టు కార్మికులకు భద్రత, తవ్విన నేల పునరుద్ధరణ అనేవి ఇంధన ప్రణాళికలోనే అంతర్భాగం కావాలి. వర్ధమాన దేశం అంతర్జాతీయ వేదికపై కోరే న్యాయం గని వాడలకు కూడా అందినప్పుడే ఆ వాదానికి సంపూర్ణత సిద్ధిస్తుంది.