విమాన ప్రయాణ పోస్టర్ల సేకరణ

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినప్పటి నుంచి 1970ల తొలినాళ్ల వరకు విమానయాన సంస్థలు ప్రచారం కోసం అచ్చువేయించిన రంగుల పోస్టర్లను వెతికి, కొని, భద్రపరిచే అభిరుచి ఇది. టికెట్ల కార్యాలయాల్లో, ట్రావెల్ ఏజెన్సీల గోడల మీద కొన్నాళ్లుండి, కొత్తది రాగానే చెత్తబుట్టకు చేరాల్సిన కాగితాలివి. అలా చేరకుండా మిగిలినవే ఇప్పుడు వేలంపాటలకు వస్తున్నాయి.

నేపథ్యం

యుద్ధానంతరం లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ వంటి నాలుగింజన్ల విమానాలు ఖండాల మధ్య దూరాన్ని గంటల్లోకి కుదించాయి. 1958 అక్టోబరులో పాన్ అమెరికన్ సంస్థ న్యూయార్క్–పారిస్ మధ్య బోయింగ్ 707 జెట్ సర్వీసు మొదలుపెట్టింది. అంతర్జాతీయ ఛార్జీలను అప్పట్లో చాలా సంస్థలు తమ అంతర్జాతీయ సంఘమైన అయాటా వేదికపై కలిసి ఖరారు చేసుకునేవి. ధర తగ్గించి ప్రయాణికుణ్ని లాక్కునే వీలు లేనప్పుడు భోజనం, మర్యాదలు, బొమ్మలే పోటీకి మిగిలాయి.

చిత్రకారులు

అమెరికా సంస్థ టీడబ్ల్యూఏకు డేవిడ్ క్లైన్ గీసిన పోస్టర్లకు గిరాకీ ఎక్కువ. ఆయన న్యూయార్క్ పోస్టరులో రాత్రివేళ టైమ్స్ స్క్వేర్ దీపాలన్నీ కోణాలు తేలిన రంగు ముక్కలైపోతాయి. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం 1957లోనే దాన్ని తన సేకరణలో చేర్చుకుంది. ఎయిర్ ఫ్రాన్స్‌కు లూసియాన్ బుషే బొమ్మలతో నిండిన ప్రపంచ పటాలు గీశాడు.

భారతదేశంలో ఈ కథ ఎయిర్ ఇండియా చిహ్నమైన మహారాజా బొమ్మతో ముడిపడి ఉంది. 1946లో ఎయిర్ ఇండియా అధికారి బాబీ కూకా, జె. వాల్టర్ థాంప్సన్ ప్రకటనల సంస్థ చిత్రకారుడు ఉమేశ్ రావు కలిసి ఆ బొమ్మను రూపొందించారు. మొదట ఉత్తరాలు రాసుకునే కాగితాల మీద కనిపించిన ఆ మీసాలాయన తర్వాత పోస్టర్లకెక్కి, ఏ ఊరి ప్రకటనలో ఆ ఊరి వేషం కట్టాడు.

కాలనిర్ణయం, అసలు–నకలు

చాలా పోస్టర్ల మీద సంవత్సరం ఉండదు. సేకర్తలు విమానం ఆకారాన్ని చూస్తారు: బోయింగ్ 707 కనిపిస్తే అది 1950ల చివరికి ముందుది కాదు. సంస్థ పేరూ ఒక ఆధారమే. ‘ఎయిర్ ఇండియా ఇంటర్నేషనల్’ 1962లో ‘ఎయిర్ ఇండియా’గా కుదించుకుంది.

నకళ్లను పట్టడానికి భూతద్దం కావాలి. రాతి అచ్చులో, స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగు చుక్కలుగా విడిపోకుండా పరుచుకుంటుంది. నకళ్లకు ఎక్కువగా వాడే ఆఫ్‌సెట్ ముద్రణలో సన్నటి చుక్కల వరుసలు తేలతాయి. అయితే ఆనాటి అసలు పోస్టర్లలోనూ ఆఫ్‌సెట్‌వి ఉన్నాయి కాబట్టి చుక్కలు చూసి మాత్రమే తీర్పు చెప్పకూడదు. కాగితం మందం, కొలత, అడుగున ముద్రాపకుడి పేరు కూడా సరిచూడాలి.

భద్రత

పెళుసెక్కిన కాగితాన్ని నీటితో మళ్లీ ఊడదీయగల పిండి జిగురుతో గుడ్డకు అతికిస్తారు. ఎండ తగిలితే రంగులు వెలుస్తాయి కనుక అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వెనక ఉంచుతారు. మడతలు, చిరుగులు, కత్తిరించిన అంచులు విలువను తగ్గిస్తాయి. నాలుగు మూలలా ఉన్న గుండుసూది రంధ్రాలు కూడా లోపంగానే లెక్క. ఆ కాగితం ఒకనాడు నిజంగా గోడెక్కిందని చెప్పేవీ ఆ రంధ్రాలే.