రెండు బొమ్మలు ఒక్కటయ్యే చోటు: రేంజ్‌ఫైండర్ కెమెరా కథ



కెమెరా చరిత్రను మన పుస్తకాలు సాధారణంగా మూడు మెట్లుగా చెబుతాయి. మొదట గాజు పలకలు, తర్వాత ఫిల్ము, ఆ తర్వాత డిజిటల్. పై మెట్టు ఎక్కగానే కింది మెట్టు మాయమైపోయినట్టు ఉంటుంది ఆ కథ. పరికరాల చరిత్ర నిజంగా అలా నడవదు. జేబులోని ఫోనుతో రోజుకు వంద ఫొటోలు తీయగలిగిన ఈ కాలంలో కూడా కొందరు రేంజ్‌ఫైండర్ కెమెరాను ఇష్టపడి వాడుతున్నారు. అది రీలుకు 36 ఫొటోలే ఇస్తుంది, తీసిన బొమ్మను అప్పటికప్పుడు చూపించదు. మరి ఎందుకు వాడుతున్నారు? ఈ ప్రసంగంలో ఆ కెమెరా ఎలా పుట్టిందో, ఎలా ఓడిపోయిందో, ఓడిపోయి కూడా ఎందుకు మిగిలిందో చెప్పుకుందాం. చివర్లో దాన్ని రాయ్‌పూర్ ఎండలోకి తీసుకువెళదాం.

ముందుగా ఒక చిన్న ప్రయోగం. చేయి చాచి బొటనవేలు నిలబెట్టండి. ఎడమ కన్ను మూసి చూడండి, తర్వాత కుడి కన్ను మూసి చూడండి. వెనుక గోడ మీద వేలు అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. వేలిని ముఖానికి దగ్గరగా తెస్తే ఆ జరుగుడు పెరుగుతుంది. దీన్నే పారలాక్స్ అంటారు. రెండు కళ్ల మధ్య దూరం త్రిభుజానికి భూమి, వేలు దాని శీర్షం. భూమి పొడవు, కోణాలు తెలిస్తే శీర్షం ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద సుమారు 12 కిలోమీటర్ల ఆధారరేఖను కొలిచి మన దేశపు త్రికోణమితి సర్వేను ప్రారంభించాడు. ఆ త్రిభుజాల మీదుగానే సర్వే హైదరాబాదు ప్రాంతాన్ని దాటి ఉత్తరానికి సాగింది. రేంజ్‌ఫైండర్ కెమెరాలో ఉన్నదీ ఆ త్రిభుజమే. కాకపోతే ఇక్కడ ఆధారరేఖ సుమారు 7 సెంటీమీటర్లు.

కెమెరా ముందు భాగంలో రెండు చిన్న కిటికీలు ఉంటాయి. మనం ఒకదాని గుండా చూస్తాం. రెండోదాని నుంచి వచ్చే కాంతిని ఒక అద్దమో పట్టకమో తిప్పి మొదటి దృశ్యం మధ్యలో చిన్న మచ్చలాగా వేస్తుంది. ఆ మచ్చలో మనిషి ముఖం రెండుగా కనిపిస్తుంది. కటకం చుట్టూ ఉన్న కంకణాన్ని తిప్పుతుంటే ఒక బొమ్మ జరుగుతూ వచ్చి రెండో బొమ్మ మీద సరిగ్గా కూర్చుంటుంది. రెండూ ఒక్కటైనప్పుడు కటకం ఆ దూరానికి అమరినట్టు లెక్క. విద్యుత్తు అక్కరలేదు, లెక్క కట్టనక్కరలేదు. 2 మీటర్ల దూరంలోని వస్తువుకు ఆ త్రిభుజంలో శీర్షకోణం సుమారు 2 డిగ్రీలు. 10 మీటర్లకు 0.4 డిగ్రీ, 20 మీటర్లకు 0.2 డిగ్రీ. దూరం పెరిగేకొద్దీ కోణాల మధ్య తేడా ఎంత సన్నబడుతోందో గమనించండి. ఈ కెమెరా దగ్గరి మనుషులను బాగా పట్టుకోవడానికీ, దూరాన ఉన్న పిట్టను పట్టుకోలేకపోవడానికీ కారణం ఈ లెక్కలోనే ఉంది.

ఇక చరిత్ర. జర్మనీలో వెట్‌స్లార్ అనే ఊళ్లో సూక్ష్మదర్శినులు తయారుచేసే లైట్స్ సంస్థ ఉండేది. అక్కడ పనిచేసే ఆస్కార్ బార్నాక్ 1913-14 ప్రాంతంలో సినిమా ఫిల్మును వాడే చిన్న కెమెరా ఒకటి తయారుచేశాడు. సినిమాలో ఫ్రేము వెడల్పు 24 మిల్లీమీటర్లు, ఎత్తు 18. బార్నాక్ రెండు ఫ్రేములను కలిపి 24కు 36 మిల్లీమీటర్ల బొమ్మ చేశాడు. 1957లో మార్కస్ బార్ట్లే "మాయాబజార్"ను చిత్రీకరించినదీ రెండంచులా చిల్లులున్న ఇదే వెడల్పు ఫిల్ము మీద. ఘటోత్కచుడి మాయలకూ, మన తాతయ్యల పెళ్లి ఫొటోలకూ ముడిసరుకు ఒకటే!

మొదటి ప్రపంచయుద్ధం వల్ల ఆ కెమెరా ఆగిపోయింది. 1925లో లైప్‌జిగ్ సంతలో "లైకా" పేరుతో అమ్మకానికి వచ్చింది. దానిలో రేంజ్‌ఫైండర్ లేదు. దూరాన్ని కంటితో అంచనా వేయాలి, లేదా విడిగా ఒక పరికరం పెట్టుకోవాలి. 1932లో వచ్చిన రెండో లైకాలో రేంజ్‌ఫైండర్‌ను కటకంతో జోడించారు. అదే ఏడాది జైస్ సంస్థ కాంటాక్స్ కెమెరాతో పోటీకి దిగింది.

ఇక్కడ కాస్త ఆగుదాం. లైకాను ఎంతోమంది అనుకరించారు. వాటిలో నాకు అన్నింటికంటే ఆసక్తికరంగా తోచేది సోవియట్ కెమెరా ఫెడ్. సోవియట్ పుస్తకాలు చదివిన తరం తెలుగు పాఠకులకు మకరెంకో పేరు తెలుసు. అంతర్యుద్ధం తర్వాత దిక్కులేక వీధుల్లో తిరిగే పిల్లలను చేరదీసి, పనీ చదువూ కలిపి నేర్పిన ఉపాధ్యాయుడు ఆయన. ఖార్కోవ్‌లో ఆయన నడిపిన కమ్యూన్‌కు ఫెలిక్స్ ఎద్ముందొవిచ్ జెర్జిన్‌స్కీ పేరు పెట్టారు. ఆ పేరులోని మొదటి అక్షరాలే "ఫెడ్". అక్కడి పిల్లలు మొదట విద్యుత్తుతో నడిచే డ్రిల్లింగు యంత్రాలు తయారుచేశారు. 1934 నుంచి లైకా నమూనాలో కెమెరాల ఉత్పత్తి మొదలుపెట్టారు. మిల్లీమీటరులో వందో వంతు తేడా వచ్చినా బొమ్మ మసకబారే యంత్రం అది. అంతకుముందు రైల్వే స్టేషన్లలో పడుకున్న పిల్లల చేతుల్లో అది రూపొందింది. జెర్జిన్‌స్కీ రహస్య పోలీసు శాఖకు అధిపతి అన్న సంగతి కూడా మరచిపోకూడదు. రెండు వాస్తవాలూ ఆ చిన్న లోహపు పెట్టె మీద చెక్కిన ఒకే పేరులో ఉన్నాయి. వాడిన ఫెడ్ కెమెరాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. లైకా ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి విద్యార్థి ఆశపడదగినవి ఇలాంటివే, లేదా 1960ల నాటి జపాను కానొనెట్, యాషికా ఎలక్ట్రో లాంటివి.

జపాను మాట వచ్చింది కాబట్టి ఒక పిట్టకథ. నేటి కానన్ సంస్థవారు 1934లో తయారుచేసిన తొలి నమూనాకు "క్వానన్" అని పేరు పెట్టారు. జపానులో అవలోకితేశ్వర బోధిసత్వుడికి ఆ పేరు. కరుణతో లోకాన్ని అవలోకించేవాడు, అంటే చూసేవాడు. కెమెరాకు ఇంతకంటే తగిన పేరు ఏముంటుంది? రాయ్‌పూర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని సిర్పూర్ ఒకప్పుడు గొప్ప బౌద్ధ క్షేత్రం. అక్కడి విహారాలు చూడడానికి కెమెరా మెడలో వేసుకుని వెళ్లేవాళ్లు ఈ పేరును గుర్తుచేసుకోవచ్చు.

చిన్న కెమెరా వల్ల ఫొటోల స్వభావమే మారింది. దీనికి మన దేశం నుంచే రెండు ఉదాహరణలు చెబుతాను. 1946లో మార్గరెట్ బర్క్-వైట్ పుణెలో గాంధీజీని రాట్నం పక్కన ఫొటో తీసింది. ఆమెకు మూడు ఫ్లాష్ బల్బులు మాత్రమే వాడడానికి అనుమతి దొరికింది. మొదటి రెండు ప్రయత్నాలూ పాడైపోయి మూడోసారి చిత్రం దక్కింది. రెండో ఉదాహరణ ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు ఆన్రీ కార్టియే-బ్రెసోఁ. ఆయన చేతిలో లైకా, దానికి ఎక్కువగా 50 మిల్లీమీటర్ల కటకం, ఫ్లాష్ లేదు. 1948 జనవరి 30న ఆయన బిర్లా భవనంలో గాంధీజీని కలిసి తన చిత్రాల పుస్తకం చూపించాడు. ఆయన బయటికి వచ్చిన కొద్దిసేపటికే కాల్పుల వార్త తెలిసింది. ఆ రాత్రి గేటు దగ్గర నెహ్రూ గాంధీజీ మరణవార్తను ప్రజలకు చెబుతున్న చిత్రం చూడండి. ఉన్నది దీపపు వెలుగే. చిత్రం కొంత మసకగానే ఉంటుంది. ఆ మసక లేకుండా ఆ రాత్రిని ఊహించుకోవడం నాకు సాధ్యం కాదు. ఆ చీకట్లో ఫ్లాష్ మెరిపించి ఉంటే అక్కడి జనం నెహ్రూను వదిలి కెమెరా వైపు చూసేవారు.

1954లో వచ్చిన లైకా ఎం3 ఈ వరుసలో శిఖరం. ఐదేళ్లకే, 1959లో, నికాన్ ఎఫ్ వచ్చింది. కటకంలోంచి వచ్చిన కాంతినే అద్దంతో పైకి మళ్లించి కంటికి చూపించే ఎస్.ఎల్.ఆర్. పద్ధతి అంతకుముందే ఉన్నా, వృత్తి ఛాయాచిత్రకారులను పెద్ద సంఖ్యలో తనవైపు తిప్పుకున్నది ఈ కెమెరాయే. అది న్యాయమైన గెలుపే. రేంజ్‌ఫైండర్‌తో పువ్వును దగ్గరగా తీయలేం, క్రికెట్ ఆటను దూరం నుంచి తీయలేం. చూసే కిటికీ వేరు, ఫొటో తీసే కటకం వేరు కాబట్టి కటకం మీద మూత అలాగే ఉన్నా దృశ్యం చక్కగా కనిపిస్తుంది. రీలంతా నల్లమూత ఫొటోలే తీసుకున్నవాళ్లు ఎందరో!

అయితే అద్దం లేకపోవడం వల్ల కొన్ని లాభాలు ఉన్నాయి. అద్దం పైకి లేచే చప్పుడు ఉండదు. మీట నొక్కిన క్షణంలో దృశ్యం చీకటి కాదు. అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. కిటికీలో ఫొటో హద్దును ఒక సన్నని తెల్లని గీత చూపిస్తుంది, ఆ గీతకు బయట ఉన్నదీ కనిపిస్తూనే ఉంటుంది. ఫ్రేములోకి రాబోతున్న సైకిలు ముందే తెలుస్తుంది. ఏది లోపల ఉండాలో, ఏది బయట ఉండాలో మనమే నిర్ణయించుకోవాలి. ఫోను తెరలో మనకు దొరికేది కోసిన ముక్క. ఇక్కడ కోయకముందటి లోకం దొరుకుతుంది.

మన దేశంలో ఫిల్ము చాలాకాలం దిగుమతి సరుకే. ఊటీలో ప్రభుత్వం 1960లో హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సంస్థను నెలకొల్పింది, 1967లో ఉత్పత్తి మొదలైంది. "ఇందు" పేరుతో వచ్చిన నలుపు-తెలుపు ఫిల్ము, ఎక్స్‌రే ఫిల్ము చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఇప్పుడా కర్మాగారం లేదు. డిజిటల్ దెబ్బ ప్రపంచమంతటా తగిలింది. 2005లో ఆగ్ఫాఫొటో దివాలా తీసింది. 2009లో కొడాక్రోమ్ ఫిల్ము ఆగింది. 1975లో తన ప్రయోగశాలలోనే డిజిటల్ కెమెరాను తయారుచేయించిన కొడాక్ సంస్థ 2012లో దివాలా రక్షణ కోరింది. విచిత్రం ఏమిటంటే ఇదే కాలంలో రేంజ్‌ఫైండర్ చావలేదు. 2004లో ఎప్సన్, 2006లో లైకా దానికి డిజిటల్ రూపం ఇచ్చాయి. 2016లో లైకా వెనుక తెర లేని డిజిటల్ కెమెరాను కూడా అమ్మింది. 2018లో ఎక్టాక్రోమ్ ఫిల్ము, 2022లో ఫిల్ముతో పనిచేసే లైకా ఎం6 తిరిగి వచ్చాయి.

ఇప్పుడు రాయ్‌పూర్‌కు వద్దాం. విజయనగరం నుంచి వచ్చే రైలుమార్గం 1931లో ఈ ఊరి దాకా పూర్తయింది. తెలుగు కుటుంబాలు ఎన్నో ఆ దారిన ఇక్కడికి చేరాయి. వేసవిలో ఇక్కడి ఎండ లెక్కకు చాలా అనుకూలం. ఐ.ఎస్.ఓ. 100 ఫిల్ము, కటకం ద్వారం ఎఫ్/16, షట్టరు 1/125 సెకను అని పెట్టుకుంటే మబ్బులేని పగలు కాంతిమాపకం అవసరమే ఉండదు. బూఢా తాలాబ్ గట్టు మీద పొద్దున నీడల్లో ద్వారాన్ని రెండు మూడు మెట్లు తెరవాలి. గోల్ బజార్ లాంటి ఇరుకు సందుల్లో రెండు బొమ్మలను కలిపే తీరిక కూడా ఉండదు. 35 మిల్లీమీటర్ల కటకాన్ని ఎఫ్/8 వద్ద 3 మీటర్లకు అమర్చి వదిలేయండి. సుమారు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అన్నీ స్పష్టంగా వస్తాయి. ఇక మీ పని నడవడం, చూడడం, కూరగాయల బుట్ట ముందున్న అవ్వను ముందుగా పలకరించి అనుమతి అడగడం. 36 ఫొటోలకు ఒక సాయంత్రం సరిపోతుంది. ఒక్కోసారి సగం రీలు మిగిలిపోతుంది. ఫిల్ము ఖరీదు విద్యార్థికి భారమే, అందులో సందేహం లేదు. రీలును ఇద్దరు ముగ్గురు పంచుకోవడం మంచి పద్ధతి.

నలుపు-తెలుపు ఫిల్మును ఇంట్లోనే కడుక్కోవచ్చు. అసలు రసాయనశాస్త్రం అక్కడ మొదలవుతుంది. డెవలపరు సాధారణంగా 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద పనిచేయాలి. మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరే ఈ ఊళ్లో మిద్దె మీది ట్యాంకు నీళ్లు స్నానానికే వేడి. ఒక బేసిన్‌లో ఐసు ముక్కలు వేసి, అందులో డెవలపరు సీసా నిలబెట్టి, థర్మామీటరు చూస్తూ కూర్చోవాలి. 20 డిగ్రీల వద్ద 8 నిమిషాలు పట్టే పని 24 డిగ్రీల వద్ద సుమారు ఐదున్నర నిమిషాల్లో అయిపోతుంది. ఉష్ణోగ్రతకూ చర్యా వేగానికీ ఉన్న సంబంధం మీరు తరగతిలో చదివినదే. తర్వాత హైపో. ఈ లవణం వెండి సమ్మేళనాలను కరిగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. ఇరవై ఏళ్ల తర్వాత అది ఫొటోగ్రఫీకి ప్రాణం పోసింది. వాడేసిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది, దాన్ని కాలువలో పోయకండి. అందులో ఉక్కు పీచు వేసి ఉంచితే ఇనుము కరిగి వెండి నల్లని మడ్డిలా దిగుతుంది. లోహాల చర్యాశీలత శ్రేణికి ఇంతకంటే మంచి ప్రదర్శన నాకు తెలియదు. ఉక్కు పీచు పని పూర్తయ్యాక ఆ మడ్డిని దాచిపెట్టవచ్చు.

ఇంకొక పని కూడా ఉంది. మీ ఇళ్లలో అలమరా అడుగున పాత నెగటివ్‌ల డబ్బా ఉండవచ్చు. ఒకసారి మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే ఆ ఫిల్ము ఆధారమైన సెల్యులోజ్ ఎసిటేట్ విడిపోయి ఎసిటిక్ ఆమ్లం వెలువడుతోందన్న మాట. వేడి, తేమ దాన్ని త్వరపెడతాయి. వెలువడిన ఆమ్లమే మిగిలిన ఫిల్మును కూడా పాడుచేస్తుంది. అలాంటి వాటిని మిగతావాటి నుంచి వేరుచేసి, ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి, కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టండి. తర్వాత తెల్లని తెర వెలిగించిన ఫోను మీద, ఫిల్ముకూ తెరకూ మధ్య కొంచెం ఎడం ఉంచి, నెగటివ్‌ను మరో డిజిటల్ కెమెరాతో తీయండి. రంగులు తిరగేస్తే పెళ్లిపీటల మీది అమ్మమ్మ ముఖం తెర మీదికి వస్తుంది. కవరు మీద ఊరు, సంవత్సరం, పేర్లు పెన్సిలుతో రాయండి. పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే రాయండి.