4,100 అడుగులు: ఫాక్‌లాండ్ యుద్ధంలో ఒక రన్‌వే పాత్ర

యుద్ధవిమానాల గురించి రాసేవారు వాటి వేగాన్ని, అవి మోసే బాంబుల బరువును తప్పక చెబుతారు. నేల విడవడానికి అవి ఎంత దూరం పరుగెత్తాలో, వాలిన తరువాత ఆగడానికి ఎంత దూరం కావాలో చెప్పేవారు తక్కువ. 1982లో ఫాక్‌లాండ్ దీవుల కోసం బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన యుద్ధంలో ఇరుపక్షాల నిర్ణయాలను ఎన్నోసార్లు ఈ రెండవ లెక్కే శాసించింది. దీవుల రాజధాని స్టాన్లీ దగ్గరున్న ఒకే ఒక్క పక్కా రన్‌వే పొడవు 4,100 అడుగులు, అంటే సుమారు 1,250 మీటర్లు.

ముందుగా ఆ లెక్క సంగతి. రెక్కలు విమానాన్ని పైకెత్తే బలం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. బరువు పెరిగితే నేల విడవడానికి కావలసిన వేగమూ పెరుగుతుంది. పైగా బరువైన విమానం ఆ వేగాన్ని అందుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఇంజను బలం మారకుండా బరువు పదోవంతు పెరిగితే పరుగు దూరం దాదాపు ఐదోవంతు పెరుగుతుంది. ఎదురుగాలి ఈ దూరాన్ని తగ్గిస్తుంది. దిగేటప్పుడు తడినేల దాన్ని పెంచుతుంది. కనుక ఫలానా విమానానికి ఇంత రన్‌వే చాలునని ఒకే అంకెతో చెప్పడం కుదరదు. ఎంత ఇంధనంతో, ఎన్ని బాంబులతో, ఎలాంటి వాతావరణంలో అని కూడా అడగాలి.

స్టాన్లీ రన్‌వేకు యుద్ధానికి ముందే ఒక చరిత్ర ఉంది. 1971లో రెండు దేశాల మధ్య కుదిరిన రాకపోకల ఒప్పందం తరువాత, 1972లో అర్జెంటీనావారే అక్కడ అల్యూమినియం పలకలతో ఒక తాత్కాలిక రన్‌వే పరిచారు. పక్కా రన్‌వేను బ్రిటన్ 1979లో ప్రారంభించింది. ఈలోగా 1976లో లార్డ్ షాకిల్టన్ దీవుల ఆర్థిక పరిస్థితిని పరిశీలించి, రన్‌వే పొడవు పెంచాలని సిఫారసు చేశాడు. ప్రభుత్వం ఖర్చెక్కువని ఒప్పుకోలేదు. సుదూరం నుంచి వచ్చే పెద్ద విమానాలు దిగే వీలు లేకపోవడంతో, ఆపద వస్తే బ్రిటన్ నుంచి ఆకాశమార్గాన సైన్యాన్ని పంపే దారి మూసుకుపోయింది.

1982 ఏప్రిల్ 2న అర్జెంటీనా దీవులను ఆక్రమించింది. ఇప్పుడు అదే కొరత ఆక్రమించినవారికి అడ్డమైంది. స్టాన్లీలో హెర్క్యులీస్ రవాణా విమానాలు దిగగలిగాయి. పుకారా, ఏర్‌మాకీ వంటి తేలికపాటి విమానాలు అక్కడి నుంచి ఎగరగలిగాయి. మిరాజ్, డాగర్, స్కైహాక్ జెట్ల స్థావరాలు మాత్రం ప్రధాన భూభాగంలోనే ఉండిపోయాయి. బాంబులు, ఇంధనం నింపుకున్న జెట్లు తరచూ వానకు తడిసే ఆ కురచ రన్‌వే మీద నడవడం ప్రమాదకరం. దాన్ని వాటికి తగినట్టు పొడిగించడం యుద్ధం ముగిసేదాకా జరగలేదు. ఫలితంగా అర్జెంటీనా పైలట్లు సుమారు 700 కిలోమీటర్ల సముద్రం దాటివచ్చి, లక్ష్యం మీద కొద్ది నిమిషాలు మాత్రమే గడిపి వెనుదిరగవలసి వచ్చింది. మిరాజ్, డాగర్లకు గాలిలో ఇంధనం నింపుకునే సదుపాయం లేదు. ఆ సదుపాయమున్న వాటికి ఇంధనం అందించడానికి ఉన్న ట్యాంకర్లు రెండే.

అయినా ఆ జెట్లు ఎలాగైనా స్టాన్లీకి వస్తాయేమోనని బ్రిటన్ భయం. మే 1 తెల్లవారుజామున అసెన్షన్ దీవి నుంచి వచ్చిన ఒక వల్కన్ విమానం రన్‌వేను ఏటవాలుగా కోస్తూ 21 బాంబులు వేసింది. ఒకటి రన్‌వే నడుమ పడింది. ఆ ఒక్క గుంతకోసం వల్కన్ వెళ్ళేటప్పుడే దాదాపు 6,300 కిలోమీటర్లు ప్రయాణించింది. ఇంధనం అందించడానికి 11 విక్టర్ ట్యాంకర్లు లేచాయి. అసెన్షన్‌లో 10,000 అడుగుల రన్‌వే ఉండబట్టే అంత బరువుతో అన్ని విమానాలు లేవగలిగాయి. అర్జెంటీనావారు గుంతను పూడ్చి, పై నుంచి ఫోటోలు తీసేవారిని నమ్మించడానికి మట్టికుప్పలతో దొంగ గుంతలు సృష్టించారు. హెర్క్యులీస్‌ల రాకపోకలు యుద్ధం చివరిదాకా ఆగలేదు.

సముద్రం మీదా ఇదే లెక్క. మే 2 ఉదయం అర్జెంటీనా విమానవాహక నౌక వెయింతిసింకో దె మాయో నుంచి స్కైహాక్‌లతో బ్రిటిష్ నౌకల మీద దాడికి అంతా సిద్ధమైంది. విమానాన్ని విసిరే యంత్రం, ఓడ వేగం, ఎదురుగాలి మూడూ కలిస్తేనే బాంబులు నిండిన స్కైహాక్ లేవగలదు. ఆ ఉదయం గాలి పడిపోయింది. దాడి రద్దయింది. అదే రోజు సాయంత్రం బ్రిటిష్ జలాంతర్గామి జనరల్ బెల్గ్రానో నౌకను ముంచగా 323 మంది చనిపోయారు. ఆ తరువాత విమానవాహక నౌక తీరజలాలకు వెళ్ళిపోయి, తిరిగి యుద్ధంలోకి రాలేదు.

బ్రిటన్‌కు సీ హారియర్ ఈ ఇబ్బంది తప్పించింది. అది నిలువుగా దిగగలదు. ఆయుధాలతో, నిండు ఇంధనంతో నిలువుగా లేవలేదు కనుక, ఓడ కొసన పైకి వంచి కట్టిన స్కీ-జంప్ మీదుగా కొద్ది దూరం పరుగెత్తి లేచేది. హెర్మీస్ నౌక మీద ఆ వంపు 12 డిగ్రీలు. ఆ నౌకనే తరువాత భారతదేశం కొన్నది. 1987 నుంచి 2017 దాకా ఐఎన్ఎస్ విరాట్‌గా మన నౌకాదళంలో పనిచేసింది.

నౌకలు దూరంగా ఉండడంతో హారియర్‌లకూ నేల కావలసివచ్చింది. జూన్ మొదటి వారంలో శాన్ కార్లోస్ దగ్గర లోహపు పలకలతో సుమారు 850 అడుగుల పట్టీ పరిచారు. జూన్ 8న ఒక హారియర్ దాని మీద కూలి కొన్ని గంటలపాటు పట్టీ మూతపడింది. దాంతో గస్తీ తిరిగే సీ హారియర్‌లు ఇంధనానికి దూరాన ఉన్న నౌకలకే తిరిగిపోవలసివచ్చి, దీవుల మీద కాపలా పలచబడింది. ఆ మధ్యాహ్నమే ఫిట్జ్‌రాయ్ దగ్గర సర్ గాలహాడ్ నౌక మీద స్కైహాక్‌లు బాంబులు వేశాయి. వెల్ష్ గార్డ్స్ దళంలోనే 32 మంది మరణించారు. కాపలా విమానాలు ఉంటే దాడి తప్పకుండా ఆగేదని చెప్పలేం. వాటికి ఉండే అవకాశం మాత్రం ఆ పట్టీతోపాటు పోయింది.

జూన్ 14న యుద్ధం ముగిసింది. బ్రిటన్‌వారు 255 మంది, అర్జెంటీనావారు 649 మంది, దీవులవాసులు ముగ్గురు చనిపోయారు. వెంటనే బ్రిటిష్ ఇంజనీర్లు స్టాన్లీ రన్‌వేను లోహపు పలకలతో 6,000 అడుగులు దాటేలా పెంచారు. అక్టోబరులో ఫాంటమ్ జెట్లు దిగాయి. 1985లో మౌంట్ ప్లెజెంట్ దగ్గర సుమారు 8,500 అడుగుల కొత్త రన్‌వే సిద్ధమైంది.

1976లో షాకిల్టన్ మాట విని ఉంటే యుద్ధమే వచ్చేది కాదని కొందరంటారు. సకాలంలో సైన్యం దిగగలిగితే అది నిజమయ్యేదేమో. దిగకముందే దీవులు చేజారి ఉంటే మాత్రం అదే పొడవైన రన్‌వే నుంచి స్కైహాక్‌లు లేచి బ్రిటిష్ నౌకల మీద గంటలకొద్దీ తిరిగేవి. రన్‌వే పొడవు ఎవరి పక్షమూ వహించదు. ఎవరి చేతిలో ఉంటే వారికి పనిచేస్తుంది. బ్రిటన్ ఖర్చుకు వెనుకాడి 4,100 అడుగుల దగ్గర ఆగిపోవడం ఏప్రిల్‌లో దానికి నష్టం చేసింది. మే, జూన్ నెలల్లో అదే దాన్ని కాపాడింది.