సచిన్ సంస్థానము

సూరతుకు దక్షిణముననున్న సచిన్ పేరు వినగానే నేడు మనకు స్ఫురించునవి కర్మాగారములు. సూరతు మరమగ్గములపై జీవించు తెలుగువారికిని దాని పూర్వవృత్తాంతము అంతగా తెలియదు.

ఆఫ్రికా నుండి వచ్చిన సిద్దీల వంశమొకటి ఇచ్చట రాజ్యమేలినది. కొంకణతీరమందలి జంజీరాపై తన హక్కును పీష్వాకు విడిచిన సిద్దీ రాకుమారునకు, 1791లో బదులుగా లభించిన సంస్థానమిది. 1948లో బొంబాయి రాష్ట్రమున విలీనమగువరకు నవాబుల పాలన సాగెను.

ఈ చరిత్ర మనకు పరాయిది కాదు. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాము కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళము వలన వచ్చినది. అచ్చట నిత్యము తిరుగువారిలో ఈ సంగతి నెరిగినవారెందరు?

ప్రాచీన స్థలములకు యాత్రికులను రప్పించుట మంచిదే. కాని గోడకు సున్నము వేసి రుసుము వసూలు చేసినంతమాత్రమున స్థలము నిలువదు. ఆ రుసుము మొదట మరమ్మతులకు వినియోగపడవలెను. దారి చూపు పని ఆ ఊరివారికే దక్కవలెను. సిద్దీ వృద్ధులు చెప్పు కథలను వారుండగనే వ్రాసికొనవలెను. కూలిన గోడను మరల కట్టవచ్చును, వారి కథలను మనము కల్పింపజాలము.

సూరతు వెళ్లు మన సభ్యులు సచిన్ కొరకు ఒక పూట కేటాయింతురుగాక!