వాహనం కంటే ముందు ఒడ్డు

సైనిక వాహనం వాగు దాటగలదా అన్న ప్రశ్నకు జవాబును ఇంజను బలంలోనో, అది తట్టుకోగల నీటి లోతులోనో వెతకడం అలవాటు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యంపై భారత సైన్యం జరిపిన హైదరాబాదు పోలీసు చర్య వేరే సంగతి చెబుతుంది. దాదాపు 30 టన్నుల షెర్మన్ ట్యాంకు సుమారు మీటరు లోతు నీళ్లలో నడిచిపోగలదు. అయినా షోలాపూరు వైపు నుంచి వచ్చిన భారత దళం మొదట చూసుకున్నది నల్దుర్గ్ దగ్గర బోరి నది వంతెననే. మెరుపు వేగంతో వెళ్లి దాన్ని చెక్కుచెదరకుండా చేజిక్కించుకుంది. విజయవాడ దారిలో మూసీ నది మీది వంతెనను సూర్యాపేట దగ్గర నిజాం సైన్యం వెనుదిరుగుతూ కూల్చేసింది. కానీ కాల్పులతో కాపు కాయలేదు. భారత సైన్యం దాన్ని త్వరగా బాగుచేసుకుంది. కాపలా లేని నది ఎంతోసేపు ఆపలేదన్నది నా అభిప్రాయం.

ఇప్పటి వాహనాలు ఈదుతాయి కదా, వంతెనతో పనేమిటి అని అడగవచ్చు. నిజమే, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారైన బీఎంపీ-2 సాయుధ వాహనం నీళ్లలో గంటకు సుమారు 7 కిలోమీటర్లు పోగలదు. అయితే ఈదడం సగం పనే. అవతలి ఒడ్డు ఎక్కాలి. తాండూరు ప్రాంతపు నల్లరేగడి వానకు నానితే బంకగా మారి గొలుసు చక్రాలకు పట్టు దొరకనివ్వదు. తాండూరు పక్కనే పారే కాగ్నా నది దగ్గర ఒడ్డు వాలు, నేల గట్టితనం కొలవకుండా వాహనానికి మార్కులు వేయడం తొందరపాటు. వేసవిలో తీసుకున్న కొలతలను వానాకాలంలో మళ్లీ తీసుకోవలసిందే.