సబ్‌వూఫర్ సర్దుబాటు

ఇంటి సబ్‌వూఫర్ మోతను వినే గదికి తగినట్టు కుదర్చడం. మంద్రధ్వని తరంగాల పొడవు మీటర్లలో ఉంటుంది కనుక, పెట్టె ఎంత ఖరీదైనదైనా గది కొలతలను దాటిపోలేదు.

అనంతపురం జిల్లా గార్లదిన్నె వైపు ఇళ్లనే తీసుకుందాం. రాతి గోడలు, సిమెంటు స్లాబు, కింద నాపరాయి: అన్నీ ధ్వనిని వెనక్కి కొట్టేవే. 12 అడుగుల పొడవున్న గదిలో, ఎదురెదురు గోడల మధ్య, సుమారు 47 హెర్ట్జ్ దగ్గర స్థిర తరంగం ఏర్పడుతుంది. ఆ స్వరం గోడల వద్ద ఉబ్బుతుంది, గది నడుమ దాదాపు మాయమవుతుంది. వేసవిలో 40 డిగ్రీలకు చేరితే ధ్వని వేగం సెకనుకు 355 మీటర్లవుతుంది, ఆ స్వరం ఒకటిన్నర హెర్ట్జ్ పైకి జరుగుతుంది. దానికి కంగారు అక్కర్లేదు. పలుచని పరదాలు ఇంత లోతైన ధ్వనిని పీల్చలేవు.

అన్నిటికన్నా మేలైన మందు చోటు మార్చడమే. సబ్‌వూఫర్‌ను తాత్కాలికంగా మనం కూర్చునే చోట పెట్టి, బేస్ గిటార్ వరుస స్పష్టంగా ఉన్న పాట వేసి, గోడల వెంబడి వంగి నడుస్తూ వినాలి. ప్రతి స్వరమూ సమంగా వినిపించిన చోటే దాని స్థానం. మూలలో పెడితే మోత పెరుగుతుంది, స్పష్టత తరచూ తగ్గుతుంది. తర్వాత క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, ఫేజ్ మీటను 0, 180లలో మార్చి చూసి, పాట నిండుగా ఉన్నదాన్ని ఉంచాలి. శబ్దస్థాయి చివరన, సబ్‌వూఫర్ ఎక్కడుందో చెవి పసిగట్టనంతవరకే.